కోల్డ్ ఫోర్క్ హైస్కూలు మందు పెట్టె

వర్నా స్టిల్ట్‌నర్ ఆసుపత్రి ప్రయోగశాలలో తొమ్మిదేళ్లు రక్తాలు పరీక్షించి, ఆ తర్వాత నర్సింగ్ చదివి, పదిహేడేళ్లుగా స్కూళ్లలో నర్సుగా పనిచేస్తున్న మనిషి. ప్రయోగశాల ఆమెకు ఒక అలవాటు అంటించి వదిలింది. ఏ అంకెనూ ఆమె సర్ది రాయదు. పిల్లవాడి జ్వరం నూట ఒకటి పాయింట్ నాలుగు ఉంటే తల్లికి ఫోనులో నూట ఒకటి పాయింట్ నాలుగు అనే చెబుతుంది. ‘నూటొకటి దాకా ఉంది’ అనడం ఆమె లెక్కలో సగం అబద్ధం.

టాల్‌మన్ కౌంటీలో నాలుగు స్కూళ్లకు ఆమె ఒక్కతే నర్సు. మంగళవారం, గురువారం కోల్డ్ ఫోర్క్ హైస్కూలు. మిగతా మూడు రోజులూ కొండ అవతల చిన్న పిల్లల స్కూళ్లు. జబ్బులు మంగళ గురువారాలు చూసుకుని రావు గనుక, రెండేళ్ల కిందట ఒక బుధవారం పదకొండో తరగతి అమ్మాయి ఎంబర్ ముల్లిన్స్ రెండో అంతస్తు బాత్రూములో, మూడో గదిలో, ఏదో మాత్ర మింగి, గోడకు జారగిలబడి ఊపిరి మానేసింది. ఆ సమయానికి వర్నా పద్నాలుగు మైళ్ల దూరంలో రెండో తరగతి పిల్లల తలల్లో పేలు వెతుకుతోంది. ఫోను వచ్చింది పది యాభై రెండుకు. అంబులెన్సు స్కూలు మెట్ల దగ్గర ఆగింది పదకొండు పంతొమ్మిదికి. ఈ ఇరవై ఏడు నిమిషాల్లో ముగ్గురు టీచర్లు బాత్రూము బయట నిలబడి పిల్లలను తరగతుల్లోకి తరిమారు. ఒకామె ప్రార్థన చేసింది. ఆ అమ్మాయి నోట్లోకి గాలి ఊదినవాళ్లు లేరు.

గాలి అందని మెదడు నాలుగు నిమిషాల తర్వాత చావడం మొదలుపెడుతుంది. మధ్య మధ్య ఒక్కో ఊపిరి అందడంతో ఎంబర్ బతికింది. ఇప్పుడు రెండు కౌంటీల అవతల ఒక సంరక్షణ గృహంలో ఉంటుంది. వాళ్లమ్మ వెళ్లి జడ వేసి వస్తుంది.

స్కూలు చేసిన దిద్దుబాటు ఒక్కటే: బాత్రూము గదుల తలుపులు పీకించింది. తలుపులుంటేనే కదా చాటున ఏమైనా మింగేదని ప్రిన్సిపాల్ వాదన. ఆ నెల నుంచి ఆడపిల్లలు పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీళ్లు తాగడం మానేశారు. మూత్రంలో మంటతో వర్నా దగ్గరకు వచ్చేవాళ్లు నెలకు ఒకరిద్దరు ఉండేది తొమ్మిదిమంది అయ్యారు. ఆ అంకె కాగితం మీద వేసి ఆమె ప్రిన్సిపాల్ రాండల్ మేహ్యూ బల్ల మీద పెట్టింది. అతను దాన్ని చదివి, మడిచి, ‘చూద్దాం’ అన్నాడు.

ఆమె కోరింది పెద్ద విషయం కాదు. నలాక్సోన్ అనే మందు ఉంది. నల్లమందు జాతి మాత్రలు మెదడును పట్టుకుని ఊపిరి ఆపేస్తుంటే, ఇది వెళ్లి ఆ పట్టు విడిపిస్తుంది. ముక్కులో పెట్టి ఒక్కసారి నొక్కితే చాలు. పొరపాటున మామూలు మనిషికి కొట్టినా హాని లేదు. ఆ ఊళ్లో సగం ఇళ్ల వంటగది సొరుగుల్లో అది ఉంటుంది. స్కూల్లో లేదు. తాను లేని మూడు రోజుల్లో కూడా, ఊపిరి ఆగిన పిల్లకు రెండు నిమిషాల దూరంలో ఆ మందు ఉండాలి. వర్నా కోరిక అంతే. దానికి పద్నాలుగు నెలలు పట్టింది.

మందు స్కూల్లో ఉండాలంటే ఒక డాక్టరు ముందస్తు ఉత్తర్వు మీద సంతకం చేయాలి. ఊళ్లో ఇద్దరు డాక్టర్లూ ‘మా లాయర్లను అడగాలి’ అన్నారు. అడిగారో లేదో చెప్పలేదు. చివరికి ఆరోగ్యశాఖ డాక్టరు చేసింది. తర్వాత స్కూలు బోర్డు ఒప్పుకోవాలి. మే నెలలో క్యాంటీనులోనే సమావేశం జరిగింది. టైర్ల దుకాణం యజమాని, బోర్డు సభ్యుడు డెన్‌వర్ లాకార్డ్ కుర్చీ వెనక్కి వాల్చి కూర్చుని అడిగాడు.

“ఇది గోడకి తగిలిస్తే, ‘మింగండర్రా, లేపడానికి మేమున్నాం’ అన్నట్టే కదా నర్సమ్మా?”

“మంటలార్పే సిలిండరు గోడకుందని ఇంతవరకు ఎవరూ స్కూలు తగలబెట్టలేదండి.”

వెనక వరసలో ఎవరో నవ్వారు.

“నోరు బానే ఉందే ఈవిడకి,” అన్నాడు లాకార్డ్. “మా రోజుల్లో తప్పు చేసినవాడు ఫలితం అనుభవించేవాడు. అట్లాగే బుద్ధొచ్చేది.”

“చచ్చినవాడికి ఏం బుద్ధొస్తుంది డెన్‌వర్ గారూ?”

తీర్మానం అనుకూలంగా మూడు, వ్యతిరేకంగా రెండు ఓట్లతో గట్టెక్కింది, కానీ షరతులతో. పెట్టెలో ఉండేది జిల్లా కార్యాలయంలో బ్యాచి నెంబరు నమోదైన మందే అయి ఉండాలి. బయటి నుంచి తెచ్చింది పెట్టకూడదు. శిక్షణ పొందినవాళ్లే వాడాలి. ఉద్యోగులు తమ సొంత మందులు ఏవైనా సరే ఆఫీసులో తాళం వేసి ఉంచాలి. స్కూలు పరువు దెబ్బతినే ప్రకటనలు గోడల మీద ఉండరాదు. ఈ చివరిది మేహ్యూ అడిగి చేర్పించాడు.

వేసవిలో తయారీ కంపెనీ నుంచి ఉచితంగా ఒక పెట్టె వచ్చింది. అందులో రెండు స్ప్రేలు, విడివిడిగా రేకుల్లో సీలు వేసి ఉన్నాయి. ఒక్కో దానిలో ఒక్కటే మోతాదు. ఎక్కడ తగిలించాలన్నది మరో మూడు వారాల రగడ అయింది.

“ఆటల్లో గెలిచిన కప్పుల బీరువా పక్కన మాత్రం వద్దు వర్నా,” అన్నాడు మేహ్యూ. “హోమ్‌కమింగ్‌కి పాత స్టూడెంట్లు వస్తారు, భార్యాపిల్లల్తో. గుమ్మంలో అడుగుపెట్టగానే కనబడేది ఇదా? నా గది అల్మారాలో ఉంచుదాం. భద్రంగా ఉంటుంది.”

వర్నా స్టాప్‌వాచీ పట్టుకుని సెలవు రోజు స్కూలంతా నడిచింది. అన్నిటికంటే దూరపు బాత్రూము నుంచి అల్మారా దాకా, తాళం చెవి వెతికే సమయంతో కలిపి, మూడు నిమిషాల నలభై సెకన్లు. హాలు గోడ దాకా ఒక నిమిషం పదిహేను. మేహ్యూ ఆమె ఆ అంకెలు రాసిచ్చిన కాగితం వంక ఇతరుల ఇంటి చెత్త చూసినట్లు చూశాడు. చివరికి పెట్టె ఆఫీసుకూ క్యాంటీనుకూ మధ్య, గోడ వంపు తిరిగే చోట తగిలింది. ఎవరు ఫోటో తీసినా అందులో పడని చోటు అది. గాజు తలుపు, తెరిస్తే మోగే గంట. బయట పేరు లేదు.

ఆగస్టులో శిక్షణ జరిగింది. నలభై నిమిషాలు, ఇరవై రెండుమంది టీచర్లు. ఫుట్‌బాల్ కోచ్ చేయెత్తి, “మా ఆవిడకి ఆదివారం పొద్దున ఇది కొడితే లేచి టిఫిన్ చేస్తుందా?” అని అడిగాడు. అందరూ నవ్వారు. సగంమంది ఫోన్లు చూసుకుంటూనే సంతకాలు పెట్టారు. వంటవాళ్లను, ఊడ్చి తుడిచే జానిటర్లను, బస్సు డ్రైవర్లను పిలవలేదు. వాళ్లు గంటల లెక్కన పనిచేసేవాళ్లు. మూడున్నర దాటాక కూర్చోబెడితే అదనపు కూలి ఇవ్వాలి.

“వాళ్లకెందుకండీ ఇది? వాళ్లేమన్నా పిల్లల్ని చూసేవాళ్లా?” అన్నాడు మేహ్యూ.

బాత్రూముల్లో ముందు అడుగుపెట్టేది జానిటరే కదా అని వర్నా అంది. ఒక్కసారే అంది. పెట్టె గోడకు తగిలింది గదా, ఇప్పుడు గొడవెందుకని ఊరుకుంది. ఆ శిక్షణ సాగినంతసేపూ జానిటర్ హోబర్ట్ ఎస్టెప్ అదే గది చివర కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నాడు. కుర్చీల చప్పుడు ఎక్కువగా ఉందని కోచ్ అతన్ని బయటకు పంపాడు.

ప్రతి మంగళవారం వర్నా ఆ పెట్టె ముందు ఆగేది. గాజులోంచి రెండు స్ప్రేలు కనిపించేవి. పైనున్న రేకు మీద గడువు తేదీ కనిపించేది. తేదీ చదివి తన పుస్తకంలో రాసుకుని వెళ్లిపోయేది.

అక్టోబరులో ఒక గురువారం, మధ్యాహ్నం భోజనాల వేళ. తొమ్మిదో తరగతి పిల్లవాడు ట్రెంట్ బ్లాంకెన్‌షిప్‌కు నాలుగు రోజులుగా పన్ను నొప్పి. పళ్ల డాక్టరు అపాయింట్‌మెంటు జనవరిలో ఉంది. ఎవడో స్నేహితుడు, ‘మా నానమ్మ నొప్పి మాత్ర’ అని సగం ముక్క ఇచ్చాడు. అది ఏ నానమ్మదీ కాదు. ఏదో షెడ్డులో ఫెంటనిల్ అనే ఘాటైన నల్లమందు జాతి మత్తు కలిపి అచ్చు వేసిన బిళ్ల. ట్రెంట్ క్యాంటీనులో పాల ఫ్రిజ్ పక్కన నేల మీదికి జారాడు. వర్నా గదికి కబురు పన్నెండు ఇరవై రెండుకు అందింది. పరుగెత్తుకొచ్చేసరికి వాడి పెదవులు పలక రంగులో ఉన్నాయి. గొంతులోంచి గురక లాంటి చప్పుడు ఒకటి వచ్చి ఆగిపోయింది. చుట్టూ ముప్ఫై నలభైమంది పిల్లలు. అందులో సగం చేతుల్లో ఫోన్లు పైకి లేచి ఉన్నాయి. ఒక టీచరు కూడా తీస్తోంది.

కోచ్ పెట్టె తలుపు లాగాడు. గంట మోగుతూనే ఉంది. అతను తెచ్చిన మొదటి స్ప్రే అందుకున్నప్పుడు వర్నా వేలికి ఏదో జిగురుగా తగిలింది. రేకు అంచున పారదర్శకమైన టేపు, ఎంతో నీటుగా, ముడత లేకుండా అతికించి ఉంది. చించింది. అడుగున బయటికి ఉండవలసిన మీట అప్పటికే లోపలికి పోయి ఉంది. రెండోది చించింది. దానిదీ అంతే.

“ఏంటి? ఏమైంది?” అన్నాడు కోచ్.

“ఖాళీవి.”

ఆమె ముఖానికి మాస్కు పెట్టి గాలి ఊదడం మొదలుపెట్టింది. ఐదు సెకన్లకు ఒకటి. మనసులో లెక్క నడుస్తూనే ఉంది. ఆరో ఊపిరి దగ్గర పక్కన ఎవరో మోకాళ్ల మీద కూలబడ్డారు. క్యాంటీను వంటమనిషి నోవా రాట్‌లిఫ్. తలకు జాలీ, చేతికి ప్లాస్టిక్ తొడుగులు, ఒంటి నిండా టమాటా వాసన. ఏప్రన్ జేబులోంచి ఒక స్ప్రే తీసి, రేకు పళ్లతో చించింది.

“తల కాస్త వెనక్కి వంచు వర్నా. ఆ, చాలు.”

“ఇదెక్కడిది?”

“మావాడిది. తర్వాత తిట్టుకుందువుగాని, జరుగు.”

ట్రెంట్ ముక్కులో పెట్టి నొక్కింది. వర్నా మళ్లీ గాలి ఊదింది. మూడు నిమిషాలకూ కదలిక లేకపోతే నోవా జేబులోంచి రెండోది తీసి అవతలి ముక్కు రంధ్రంలో కొట్టింది. పన్నెండు ముప్ఫైకి పిల్లవాడు ఒక్కసారి ఒళ్లంతా విరుచుకుని ఊపిరి పీల్చి, పక్కకు తిరిగి వర్నా చేతి మీద, బట్టల మీద వాంతి చేసుకున్నాడు. అందులో స్కూలు పిజ్జా ముక్కలు నమలకుండా మింగినట్లు తెల్లగా ఉన్నాయి. ‘పన్ను’ అన్నాడు. అది మొదటి మాట. అంబులెన్సు వచ్చింది పన్నెండు నలభై ఒకటికి.

గంట తర్వాత హోబర్ట్ ఎస్టెప్ తనంతట తానే వర్నా గదికి వచ్చాడు. అరవై మూడేళ్ల మనిషి. పంతొమ్మిదేళ్లు బొగ్గు గనిలో చేశాడు. గని మూతపడ్డాక స్కూల్లో చీపురు పట్టాడు. చేతిలో అట్టకు క్లిప్పు పెట్టిన కాగితం ఉంది. నెలకొకసారి అతను స్కూలంతా తిరిగి నింపే తనిఖీ పట్టిక అది. మంటలార్పే సిలిండర్లు, గుండెకు షాకిచ్చే యంత్రం, సైన్సు గదిలో కళ్లు కడుక్కునే కుళాయి, అన్నీ వరసగా ఉన్నాయి. ప్రతిదానికీ మూడు గడులు: తేదీ, పరీక్షించారా, సంతకం. జిల్లా తనిఖీ వస్తుందని మేహ్యూ సెప్టెంబరులో అడుగున కొత్త వరస చేర్పించాడు: ‘ముక్కు మందు పెట్టె’. గడులు మాత్రం అవే మూడు.

“ఖాళీగా ఉన్నాయంటున్నారు. నిజమా?”

“నిజమే హోబర్ట్.”

“ఎట్లా ఉంటాయి? నేను చూశాగా. సెప్టెంబర్లో ఒకటి సింకులోకి కొట్టి చూశా. ఈ నెల రెండోది. రెండూ జోరుగా వచ్చాయి. మళ్లీ రేకులో పెట్టి అతికించా, తేమ తగలకుండా.”

గనిలోకి దిగేముందు ప్రతి పరికరాన్నీ పరీక్షించాలి. గాలిలో విషవాయువును పసిగట్టే యంత్రానికి రోజూ పొద్దున కాస్త వాయువు చూపించి అది అరుస్తుందో లేదో చూడాలి. పరీక్షించనిది లేనట్టే లెక్క. పంతొమ్మిదేళ్లు హోబర్ట్‌ను ప్రాణాలతో పైకి తెచ్చిన పద్ధతి అది.

“దాంట్లో ఒక్క మోతాదే ఉంటుంది. ఒక్కసారి నొక్కితే అయిపోయినట్టే.”

హోబర్ట్ పక్కనున్న మూత పెట్టిన బకెట్టు మీద నెమ్మదిగా కూర్చున్నాడు. కాగితం తిప్పి రెండు సంతకాలూ చూసుకున్నాడు.

“ఈ మాట ఎవరు చెప్పారు నాకు?”

“ఎవరూ చెప్పలేదు.”

“రేకు మీద రాసుందా?”

“ఉంది. చిన్న అక్షరాల్లో.”

“కళ్లద్దాలు లేకుండా చదవలేను. అద్దాలు బండిలో ఉంటాయి.” కాగితాన్ని ఒళ్లో బోర్లించాడు. “పిల్లోడు పోయుంటే, వర్నా, నేనే చంపినట్టు.”

తాను ప్రతి మంగళవారం గాజు అవతల నిలబడి తేదీ చదివిన సంగతి వర్నాకు గుర్తొచ్చింది. ఏడు మంగళవారాలు. తలుపు తెరిచి వేలితో రేకు తడిమి ఉంటే సెప్టెంబరులోనే టేపు తగిలేది. తన పుస్తకంలో ఏడుసార్లు ‘సరిగా ఉంది’ అని ఉంది. ఆ దస్తూరీ చూస్తే ఆమెకు వాంతి వాసన కన్నా ఎక్కువ రోత పుట్టింది.

ఆ సాయంత్రం నలభై ఒక్క మైళ్లు వెళ్లి, ఆరోగ్యశాఖ ఆఫీసు మూసేలోగా, నోవా కొడుకు కోసం రెండు స్ప్రేలు తెచ్చి ఇచ్చింది. వాటిని స్కూలు పెట్టెలో పెట్టడానికి లేదు, నమోదు లేని బ్యాచి గనుక.

శుక్రవారం తన రోజు కాకపోయినా మేహ్యూ పిలిపించాడు. బల్ల మీద జిల్లా కార్యాలయం ఫారం ఉంది. పక్కన పత్రిక విలేకరి ఫోను నెంబరు రాసిన పసుపు చీటీ.

“కూర్చోండి. మంచి పని చేశారు నిన్న.”

“చేసింది నోవా.”

“దాని గురించే మాట్లాడాలి.” మేహ్యూ ఫారం ఆమె వైపు తిప్పాడు. “చూడండి, ఇందులో ఒక ప్రశ్నే ముఖ్యం. మోతాదులు ఎక్కడివి? ‘స్కూలు పెట్టెలోవి, రోగికి వాడాం’ అని టిక్కు పెడితే, పది రోజుల్లో కొత్తవి ఉచితంగా వస్తాయి. ‘వృథా అయినవి’ అని పెడితే మళ్లీ వచ్చే ఆగస్టుదాకా రావు. రూలు. నేను పెట్టింది కాదు.”

“వాడింది స్కూలువి కావు.”

“రెండు మోతాదులు పిల్లవాడికి వెళ్లాయా లేదా?”

“వెళ్లాయి.”

“మరింకేం? ఇంకోలా రాస్తే ఏమవుతుందో మీరే ఆలోచించండి. ఆపద సామాను పాడుచేసినందుకు హోబర్ట్‌ని తీసెయ్యాలి. సొంత మందు జేబులో పెట్టుకు తిరిగినందుకు నోవాకి నోటీసు ఇవ్వాలి. పత్రికవాళ్లు ‘ఖాళీ పెట్టె స్కూలు’ అని రాస్తారు. పది నెలలు గోడ మీద ఖాళీ పెట్టె. ఎవరికి లాభం?”

వర్నాకు ఏవగింపు కలిగించింది అతని అబద్ధం కాదు. ఆ అబద్ధంలో తప్పు దొరకకపోవడం. ఆరువందల పదకొండుమంది పిల్లలు. ఆగస్టు దాకా పది నెలలు. ఆ లెక్కను ఏ వైపు నుంచి కూడినా జవాబు అదే వస్తోంది. గోరువెచ్చని పాలలో మీగడ నాలుకకు చుట్టుకున్నట్లు ఆ జవాబు ఆమె నోట్లో చుట్టుకుంది.

“మధ్యాహ్నం చెబుతాను,” అని లేచింది.

వంటగదిలో నోవా పెద్ద డబ్బాల మూతలు కోసి పీచ్ ముక్కలు ట్రేల్లోకి వంచుతోంది. హోబర్ట్ నేల కడిగే యంత్రం తీగ చుడుతున్నాడు. వర్నా ఉన్నదున్నట్టు చెప్పింది.

“రాసెయ్యి,” అంది నోవా తల ఎత్తకుండా. “నా పేరు పేపర్లో పడిందంటే ఆ మందు నా జేబులో ఎందుకుందని అడుగుతారు. మావాడు ఆ మాత్రలు మానేసి పదకొండు వారాలుగా కలప మిల్లుకి వెళ్తున్నాడు. అక్కడ వాడి సంగతి ఎవరికీ తెలీదు.”

“నాకోసం అయితే రాయొద్దు,” అన్నాడు హోబర్ట్. “చేసింది నేను. నా సంతకం ఉంది. ఉన్నది రాయి.”

“నీ పరువు కోసం పిల్లలు పది నెలలు ఖాళీ పెట్టె చూడాలా ముసలోడా?”

“పరువు కాదే నోవా. గనిలో ప్రమాదం జరిగితే ఎందుకు జరిగిందో రాసి పైన అతికిస్తారు. అది చదివి ఇంకోడు బతుకుతాడు. ఇది దాచిపెడితే, ఇంకో స్కూల్లో నాలాంటోడు ఇంకోడు సింకులోకి కొడతాడు.”

నోవా ఇంకో డబ్బా మూత కోయడం మొదలుపెట్టింది.

రెండు గంటలకు ఆమె మేహ్యూ గదిలో నిలబడి తన షరతులు చెప్పింది. గంటల కూలివాళ్లందరికీ పనివేళల్లోనే శిక్షణ. పట్టికలో ‘పరీక్షించారా’ గడి తీసేసి ‘తేదీ, రేకు చిరగలేదు’ అని మార్చాలి. ఏ పేరూ చెప్పకుండా, ‘స్ప్రేలను నొక్కి చూడకండి’ అని ఒక హెచ్చరిక జిల్లాలో ప్రతి స్కూలుకూ ఈ రోజే వెళ్లాలి. నోవా జేబు గురించి ఎవరూ ఎప్పుడూ మాట్లాడకూడదు.

మేహ్యూ నాలుగు షరతులకూ తల ఊపాడు.

“బాత్రూము తలుపులు కూడా.”

“అది కుదరదు వర్నా. అత్యాశకు పోకండి.”

ఆమె కలం తీసింది. మోతాదులు: రెండు. అది నిజం. మొదటిది పన్నెండు ఇరవై నాలుగు, రెండోది పన్నెండు ఇరవై ఏడు. అదీ నిజం. ఎక్కడివి అన్న చోట కలం కాసేపు ఆగింది. పదిహేడేళ్లలో ఒక్క జ్వరాన్నీ ఒక్క గీత అటూ ఇటూ చేయని చెయ్యి మొదటి గడిలో టిక్కు పెట్టింది. సంతకం చేసి, గదికి వెళ్లి, సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుంది. కడుక్కుంటుంటే తన మీద తనకే నవ్వొచ్చింది. సింకులో నీళ్లు పోయడం వల్ల పోయేది కాదు అది.

పత్రికలో వార్త మంగళవారం వచ్చింది. స్కూలు ముందుచూపు విద్యార్థి ప్రాణం నిలిపిందని. ఫోటోలో మేహ్యూ పెట్టె మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. బోర్డు సభ్యుడు లాకార్డ్ ‘మేము మొదటి నుంచీ దీనికి అనుకూలమే’ అన్నాడట. పెట్టె ఇప్పుడు కప్పుల బీరువా పక్కకు మారింది. పైన పెద్ద అక్షరాలతో పేరు.

పదకొండో రోజు కొత్త స్ప్రేలు వచ్చాయి. ఆ మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు పద్నాలుగుమంది వంటవాళ్లు, జానిటర్లు, డ్రైవర్లు క్యాంటీను బల్లల దగ్గర కూర్చున్నారు. ఒక్క ఫోనూ బయటికి రాలేదు. ఒక డ్రైవరు, ‘బస్సులో అయితే ముందు బస్సు ఆపాలా, ముందు మందు కొట్టాలా’ అని అడిగాడు. ఆగస్టులో ఇరవై రెండుమంది టీచర్లలో ఒక్కరూ అడగని రకం ప్రశ్న. హోబర్ట్ ఈసారి కళ్లద్దాలు పెట్టుకొచ్చాడు. శిక్షణ కోసం ఇచ్చిన ఉత్తి స్ప్రేను తిప్పి తిప్పి చూశాడు.

“అయితే దీన్ని పరీక్షించే దారే లేదు.”

“లేదు. తేదీ చూడాలి, రేకు తడిమి చూడాలి. అంతే.”

“ఎవడో ఎక్కడో ఫ్యాక్టరీలో సరిగ్గా నింపాడని నమ్మడం.”

“అవును.”

“ఆ మాట మీద ఒక్కరోజు కూడా గనిలోకి దిగేవాణ్ని కాదు,” అని స్ప్రే బల్ల మీద పెట్టాడు.

ఆ గురువారం ట్రెంట్ వాళ్లమ్మ వర్నా గదికి వచ్చింది. పలచటి పొరలు ఒకదాని మీద ఒకటి పేర్చి, మధ్య మధ్య ఎండు యాపిళ్ల గుజ్జు రాసిన కేకు, రెండు చేతులతో పట్టుకుని. పన్ను పీకించారని చెప్పింది. అపాయింట్‌మెంటు ఇప్పుడు మర్నాడే దొరికిందట. తర్వాత వర్నా రెండు చేతులూ పట్టుకుంది.

“మీ పెట్టే లేకపోతే, అమ్మా...”

వర్నా ఆ తల్లి కళ్లలోకి చూసింది. ‘ఆ పెట్టె ఖాళీ’ అనే మూడు మాటలు నాలుక చివరిదాకా వచ్చాయి. అనేస్తే అవి నోవా కొడుకు మిల్లు దాకా పోతాయి. “వాడు గట్టి పిల్లవాడండీ,” అంది. అది కూడా అబద్ధమే. ఊపిరి మానేసిన వాళ్లలో గట్టివాళ్లు, మెత్తవాళ్లు ఉండరు. ఉండేది నిమిషాలు మాత్రమే.

కేకు వంటగదికి తీసుకెళ్లి నోవా ముందు పెట్టింది.

“ఇది నీది.”

“యాపిళ్లు సరిగ్గా నానలేదు,” అంది నోవా కత్తితో ఒక పక్క కోసి రుచి చూసి. “అయినా బానే ఉంది. హోబర్ట్, నువ్వో ముక్క తీసుకో.”

“సింకులో పోసినోడికి కేకా?” అంటూ అతను తుడుపుకర్ర పట్టుకుని బయటికి వెళ్లాడు.

వర్నా ముక్క నోట్లో పెట్టుకుంది. బెల్లం పాకం, దాల్చినచెక్క, ఎండు యాపిల్ పులుపు. మంచి కేకు.

నోవా చేతులు తుడుచుకుని, గుమ్మం వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

“నువ్వు మళ్లీ ఆ ఆరోగ్యశాఖ ఆఫీసు వైపు ఎప్పుడు వెళ్తావు వర్నా?”

“సోమవారం. ఏం?”

“రెండు కావాలి. నిన్న మావాడు పని నుంచి వచ్చి స్నానాలగదిలో...” ఆమె ఏప్రన్ జేబు తిప్పి చూపించింది. లోపలి గుడ్డ బయటికొచ్చింది. “రెండూ పట్టాయి. లేచాడు. ఇవాళ మిల్లుకి వెళ్లాడు కూడా.”

“సోమవారం దాకా వద్దు,” అంది వర్నా కారు తాళాలు తీస్తూ. “వాళ్లు నాలుగున్నరకి మూస్తారు. ఇప్పుడు రెండు ఇరవై అయింది.”